కంటి వైద్యము: చదువులు, దారులు
(భిలాయి సెక్టర్ 4లో తెలుగు కుటుంబముల సమావేశమునకై సిద్ధపరచిన ప్రసంగ పాఠము)



ఉక్కు కొలిమి యెదుట నిలుచు వానికి కంటి విలువ వేరుగా చెప్పనక్కరలేదు. 1959 ఫిబ్రవరిలో భిలాయి తొలి బ్లాస్ట్ ఫర్నేసు ప్రారంభమైన నాటినుండి నీలి అద్దముల చాటున కరిగిన లోహమును చూచుట ఇచటి కార్మికులకు నిత్యకృత్యము. వెల్డింగు వెలుగు నేరుగా తగిలిన కన్ను ఆ రాత్రి ఇసుక పోసినట్లు మండును. ఏండ్ల తరబడి కొలిమి వేడిమి సోకినచో శుక్లములు కూడ రావచ్చును. ఇట్టి పట్టణమున పెరుగు బిడ్డలు కంటి వైద్యమును వృత్తిగా కోరుట సహజము. కాని ఎం.బి.బి.ఎస్. ప్రవేశ పరీక్షలో మార్కులు చాలనిచో ఆ తలుపు మూతపడినదని అనేకులు నిరాశ చెందుచున్నారు. ఆ తలంపు సరికాదు.

పెద్ద దారి వైద్యునిదే. ఎం.బి.బి.ఎస్. నాలుగున్నర యేండ్లు, ఇంటర్న్‌షిప్ ఒక యేడు, పిమ్మట మూడేండ్ల ఎం.ఎస్. లేక డి.ఎన్.బి. కార్నియా, రెటీనా, నీటికాసులు మున్నగువానిలో నిపుణుడు కాదలచినచో ఆపైన ఫెలోషిప్. వెరసి పదేండ్ల తపస్సు.

రెండవ దారి ఆప్టోమెట్రీ. ఇంటర్మీడియట్ సైన్సు పిమ్మట ఇంటర్న్‌షిప్‌తో కూడిన చదువు. చూపు కొలిచి అద్దములు నిర్ణయించుట, వ్యాధి జాడ కనిపించినచో వైద్యునికడకు పంపుట వీరి పని. 2021లో పార్లమెంటు చేసిన చట్టము వైద్యానుబంధ వృత్తులలో దీనిని కూడ చేర్చినది.

మూడవ దారికి ఉదాహరణము హైదరాబాదులో కలదు. గుంటూరు వైద్య కళాశాలలోను, ఢిల్లీ అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలోను చదివిన డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు 1974లో అమెరికాకేగి, కార్నియా నిపుణుడై, 1986లో మరలివచ్చిరి. చలనచిత్ర దర్శక నిర్మాత ఎల్.వి. ప్రసాద్ కోటి రూపాయలు, ఐదెకరముల స్థలము ఇచ్చిరి. ఆయన పేరిటనే నేత్ర సంస్థ వెలసినది. ఆ సంస్థ ఇంటర్మీడియట్ చదివిన పల్లె యువతీయువకులకు ఏడాది శిక్షణ నిచ్చి, విజన్ టెక్నీషియన్లుగా వారి ప్రాంతములలోనే నిలిపినది. సుమారు 50,000 జనమునకు ఒక కేంద్రము చొప్పున ఏర్పాటు. అద్దములతో తీరు లోపమునకు ముసలివారు నగరమునకు పోనక్కరలేదు.

మధురలో డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి చరిత్ర మరింత ధైర్యము నొసగును. కీళ్లవాతము వ్రేళ్లను వంకర చేయగా ప్రసూతి వైద్యము వదలుకొని కంటి వైద్యమును చేపట్టి, ఆ చేతులకు తగిన పనిముట్లతో శస్త్రచికిత్స సాధన చేసిరి. ఉద్యోగ విరమణానంతరము 1976లో 11 పడకలతో అరవింద్ ఆసుపత్రిని స్థాపించిరి. అచట ఒక బల్లపై శస్త్రచికిత్స ముగియునంతలో ప్రక్క బల్లపై మరియొక రోగి సిద్ధముగా నుండును. ఆ సిద్ధము చేయువారు రెండేండ్ల శిక్షణ పొందిన పల్లె బాలికలు. వారు లేనిచో ఎంతటి నిపుణుడైనను రోజునకు అంతమందికి చూపు నీయజాలడు.

కావున తల్లిదండ్రులకు ఒక మనవి. ఈసారి సెక్టర్ 9 ఆసుపత్రికి కంటి పరీక్షకై పోవునపుడు బిడ్డను వెంట గొనిపొండు. వైద్యుని ఒక్కనినే గాక, అక్షరముల పలక చదివించువారిని, కంట చుక్కలు వేయువారిని, యంత్రముపై కంటి కొలతలు తీయువారిని కూడ చూపుడు. సన్నని పనియందు ఓర్పు, రోగితో మృదువైన మాట, శుభ్రత ఆ బిడ్డకు గలవేమో పరికింపుడు. ఈ మూడు గుణములు గలవారికి ఏ మెట్టుపై నిలిచినను గౌరవము కలదు. ఒక దారి మూసికొనిపోయినదని గుణవంతుడగు బిడ్డను చిన్నబుచ్చకుడు.