కొలత కుదిరింది, ఆయిల్ అందలేదు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం కార్యదర్శి గారు ఫోన్ చేసి, "ఏదైనా మాట్లాడు గానీ నీ విజయగాథ మాత్రం వద్దు, ఇప్పటికే పదకొండు ఉన్నాయి" అన్నారు. అందుకని నేను చెడగొట్టిన పని ఒకటి చెబుతాను. అది ఒక కారు ఇంజన్. కారు నాది కాదు. ఆ కారు ఆసామి ఈ హాల్లోనే ఉన్నాడు. పదో తరగతిలో నా పక్క బెంచీ వాడు. ఇప్పుడు చెప్పబోయేది వాడికీ పూర్తిగా తెలియదు.

పదిహేనేళ్ల కిందట మేమిద్దరం ఒహాయోలో, అరగంట దూరంలో ఉండేవాళ్లం. వాడు ముచ్చటపడి 1976 నాటి డాట్సన్ 280 జెడ్ కొన్నాడు. రెండే సీట్లు, పొడుగాటి ముక్కు, ఎర్ర రంగు. చూడ్డానికి అద్భుతం. తోలితే వెనకాల దోమల మందు కొట్టినట్టు పొగ. ఇంజన్ ఆయిల్ తాగేస్తోంది. నేను మెకానికల్ చదివినవాణ్ని, శని ఆదివారాలు పాత కార్లు విప్పే పిచ్చి ఉన్నవాణ్ని. "నేను చేసిపెడతా, నువ్వు సామాను ఖర్చు పెట్టుకో చాలు" అన్నాను.

కారు సంగతి తెలియని వాళ్ల కోసం రెండు మాటలు. నిస్సాన్ కంపెనీ ఈ జెడ్ కార్లను డాట్సన్ పేరుతో అమెరికాలో 1970 మోడల్‌గా దించింది. మొదట 240 జెడ్, 1974లో 260 జెడ్, 1975 నుంచి 1978 దాకా 280 జెడ్, ఆ తర్వాత 1983 దాకా 280 జెడ్ ఎక్స్. టర్బో సంగతి పక్కన పెడితే వీటన్నిటిలో ఉన్నది ఒకే కుటుంబం ఇంజన్, వరసగా ఆరు సిలిండర్లు. ఎల్24, ఎల్26, ఎల్28 అంటారు. 24 అంటే 2.4 లీటర్లు, 28 అంటే 2.8. బయటికి కవల పిల్లల్లా ఉంటాయి. ఒకదాని హెడ్ ఇంకొకదాని బ్లాకు మీద కూర్చుంటుంది. ఒకదాని కనెక్టింగ్ రాడ్ ఇంకొకదాని క్రాంకుకి బిగుస్తుంది. మన బస్టాండు వెనక షెడ్డులో మూడు బుల్లెట్లు విప్పి ఒక బుల్లెట్ చేసేవారు, గుర్తుందా? నేను అది చూసి పెరిగినవాణ్ని. ఇక ఆగుతానా?

పాత కార్ల యార్డులో 1982 నాటి 280 జెడ్ ఎక్స్ ఇంజన్ ఒకటి చవగ్గా దొరికింది. సిలిండర్ గోడలు శుభ్రంగా ఉన్నాయి. దాంతోపాటు ఎవరో విప్పి పడేసిన 240 జెడ్ ముక్కలు కూడా ఒక పెట్టెలో తెచ్చాను. ఇంక మా గరాజ్‌లో 1970ల మొదటి భాగాలు, 1976వి, 1982వి మూడు గుట్టలు.

నా మొదటి ఆలోచన 240 జెడ్ రాడ్లు వాడదామని. పొడుగు రాడ్ మంచిదని విని ఉన్నాను. ఆ రాత్రి వాడి వంటింటి బల్ల మీద కాగితం పెట్టుకుని లెక్క వేశాను. క్రాంకు మధ్య నుంచి బ్లాకు పై అంచు దాకా ఎత్తు 207.85 మిల్లీమీటర్లు. ఎల్24కీ అంతే, ఎల్28కీ అంతే. ఆ ఎత్తులో మూడు ముక్కలు ఇమడాలి: స్ట్రోకులో సగం, రాడ్ పొడవు, పిన్ను మధ్య నుంచి పిస్టన్ నెత్తి దాకా ఉన్న ఎత్తు. ఎల్24లో 36.85, 133, సుమారు 38. కూడితే దాదాపు 207.85. ఎల్28లో స్ట్రోక్ పెరిగింది కాబట్టి సగం 39.5 అయింది, అందుకని రాడ్‌ను 130.35కి తగ్గించారు, పిస్టన్ అదే సుమారు 38. మళ్లీ దాదాపు 207.85. చూశారా ఎంత ముచ్చటగా ఉందో! ఇప్పుడు ఎల్28 క్రాంకు, పిస్టన్ల మధ్య ఎల్24 రాడ్ పెడితే పిస్టన్ 2.65 మిల్లీమీటర్లు పైకి పొడుచుకొస్తుంది. హెడ్ గాస్కెట్ మందం మిల్లీమీటరు పైచిలుకు మాత్రమే. బోల్టులన్నీ చక్కగా బిగుస్తాయి, తిప్పగానే పిస్టన్ పోయి హెడ్‌కి గుద్దుకుంటుంది. దానికి పొట్టి పిస్టన్లు విడిగా కొనాలి.

రెండో ఆలోచన హెడ్ గురించి. 1976 హెడ్ మీద ఎన్42 అని పోత అక్షరాలు ఉంటాయి, 1982 దాని మీద పి79 అని. ఎన్42లో మంట మండే గది సుమారు 44.6 ఘనపు సెంటీమీటర్లు, పి79లో 53.6. కానీ 1976 పిస్టన్ల నెత్తి మీద గుంట ఉంటుంది, 1982 పిస్టన్లు చదునుగా ఉంటాయి. ఏ ఏడాది జత ఆ ఏడాదిదే అయితే కంప్రెషన్ మొదటిదానికి 8.3, రెండోదానికి 8.8. చదును పిస్టన్ల మీద చిన్న గది హెడ్ పెడితే అది పదికి చేరుతుంది. కావాలని అలా చేసేవాళ్లున్నారు, బాగా లాగుతుంది కూడా. కాకపోతే ఖరీదైన పెట్రోలు పోయాలి, టైమింగ్ జాగ్రత్తగా పెట్టాలి, లేకపోతే ఇంజన్ లోపల సుత్తితో కొట్టినట్టు నాక్ వస్తుంది. మావాడు బంకులో ఎప్పుడూ చవక పంపు దగ్గరే ఆగే రకం. (నవ్వకండి, ఇక్కడా అంతే.) అందుకని 1982 బ్లాకు మీద 1982 హెడ్డే ఉంచాను. ఎగ్జాస్ట్ రంధ్రాలు దానికి గుండ్రంగా, ఎన్42కి చతురస్రంగా ఉంటాయి కాబట్టి మానిఫోల్డ్ కూడా 1982 దే తీసుకున్నాను.

ఇంతవరకూ నేను చేసింది తప్పు కాదు. మన ల్యాబులో వెర్నియర్ కాలిపర్స్ ఇచ్చి, శూన్యాంశ దోషం రాయకపోతే రికార్డు విసిరికొట్టిన మాస్టారు ఆ రోజు నా పక్కనే ఉన్నట్టు అనిపించింది. ఆ గర్వమే కొంప ముంచింది.

1982 హెడ్‌లోని క్యామ్ షాఫ్ట్‌కి రెండు లోబుల మీద తుప్పు గుంటలు పడ్డాయి. పెట్టెలో 240 జెడ్ క్యామ్ నిగనిగలాడుతూ ఉంది. క్యామ్ కూర్చునే టవర్లను నేను కదపలేదు. అవి హెడ్‌కి బిగించాక ఒకే వరసలో బోర్ చేస్తారు, ఒక హెడ్ టవర్లు ఇంకో హెడ్‌కి పనికిరావు. ఆ సంగతి నాకు తెలుసు. క్యామ్‌ను టవర్లలోంచి తోశాను, వెన్నలో కత్తిలా దిగింది. కొలిచాను. జర్నల్ వ్యాసం సరిపోయింది. చేత్తో తిప్పితే తిరిగింది. వాల్వ్ క్లియరెన్సులు చల్లగా ఉన్నప్పుడు ఇన్‌టేక్ 0.20, ఎగ్జాస్ట్ 0.25 పెట్టాను. ఇంజన్ మొదటి తాళానికే అందుకుంది. ఆ రాత్రి వాడు మా ఆవిడకి, పిల్లలకి బిర్యానీ తినిపించాడు.

వారం తిరక్కముందే టిక్కుటిక్కుమని శబ్దం. క్లియరెన్సు పెరిగింది. సరిచేశాను. మళ్లీ పెరిగింది. మళ్లీ సరిచేశాను. ఆయిల్ ప్రెషర్ గేజ్ చూస్తే ముల్లు ఉండాల్సిన చోటే ఉంది. "కొత్తగా కలిపిన ముక్కలు, సర్దుకుంటాయిలే" అన్నాను. కొత్త కోడలి గురించి చెప్పినట్టు చెప్పాను.

అప్పుడు వాళ్లమ్మగారు ఊరి నుంచి వచ్చి ఉన్నారు. డిసెంబర్ చివర. ఆవిడను పక్క సీట్లో కూర్చోబెట్టుకుని గుడికి తీసుకెళ్లి వస్తుంటే, రాత్రి తొమ్మిదిన్నరకు హైవే మీద ఇంజన్ కొట్టుకోవడం మొదలై ఆగిపోయింది. బయట మంచు. ఇంజన్ లేకపోతే కారులో హీటర్ లేదు. టో ట్రక్ వచ్చేసరికి రెండు గంటలు. డెబ్బై ఏళ్ల మనిషి, వాడి కోటు కూడా తన మీదే కప్పుకుని వణికారట. మరునాడు నేను వెళితే ఆవిడ, "ఏం కాలేదు నాయనా, నీ చేతుల్లో పడింది కదా, బాగవుతుంది" అన్నారు.

వాల్వ్ కవర్ విప్పాను. నాలుగైదు లోబులు గోకేసినట్టున్నాయి, ఒకటైతే సగానికి సగం అరిగిపోయింది. రాకర్ల ముఖాలు గుంటలు పడ్డాయి. ఆయిల్‌లో ఇనుప రజను. ఆ రజను కింద బేరింగుల దాకా పోయింది.

కారణం అప్పుడు కనిపించింది. తొలి ఏళ్ల ఇంజన్లలో క్యామ్ పైన ఒక సన్నని గొట్టం ఉంటుంది, స్ప్రే బార్ అంటారు. దాని రంధ్రాల నుంచి ఆయిల్ ప్రతి లోబ్ మీద చిమ్ముతుంది. తర్వాతి ఏళ్లలో ఆ గొట్టం తీసేశారు. ఆయిల్ క్యామ్ లోపలి నుంచే పోయి, లోబ్ లోబ్‌కీ ఉన్న చిన్న రంధ్రం గుండా బయటికి వస్తుంది. నేను గొట్టం లేని హెడ్‌లో రంధ్రాలు లేని క్యామ్ పెట్టాను. జర్నళ్లకు ఆయిల్ అందింది, గేజ్ అబద్ధం చెప్పలేదు. లోబులకు మాత్రం బొట్టు కూడా సరిగా అందలేదు. 1982 క్యామ్ తీసేటప్పుడు దాని రంధ్రాలు చూశాను కూడా, గుడ్డతో తుడిచి పక్కన పెట్టాను. అవెందుకున్నాయని ఒక్కసారి అడగలేదు. దానికి తోడు వేరే క్యామ్ మీద అరిగిన పాత రాకర్లనే దీని మీద వాడాను, అది ఇంకో పొరపాటు.

ఒరేయ్, ఆ రోజు నీకేం చెప్పానో గుర్తుందా? "యార్డు సామాను కదరా, క్యామ్ లోహం మెత్తగా ఉంది" అన్నాను. నువ్వు నమ్మావు. రెండోసారి బేరింగులు, రాకర్లు, రంధ్రాలున్న క్యామ్, గాస్కెట్లు అన్నీ నువ్వే కొన్నావు. క్యామ్ మెత్తగా లేదు. అది నలభై ఏళ్లు నడిచే క్యామ్. స్ప్రే బార్ ఆ పెట్టెలోనే ఉంది. అదేమిటో తెలియక పాత పెట్రోలు గొట్టం అనుకుని నేనే చెత్తలో వేశాను.

వాళ్లమ్మగారికి ఈ మాట చెప్పే అవకాశం నాకు లేకపోయింది. ఆవిడ పోయి ఆరేళ్లయింది.

ఆ క్యామ్ నా సంచిలో ఉంది. విమానాశ్రయంలో అరగంట ఆపి అడిగారు ఇదేమిటని. టీ బల్ల దగ్గర పెడతాను. పిల్లలు వేలితో తడిమి చూడొచ్చు, బాగా అరిగిన లోబుకి ఎర్ర దారం కట్టాను. అసలు ఆసామి ముందు చూడాలి. రెండో ఇంజన్ ఖర్చు కవరులో పెట్టి తెచ్చాను, వాడు తీసుకోనంటే ల్యాబుకి కొత్త వెర్నియర్లు కొనమని కార్యదర్శి గారికి ఇస్తాను.