బల్బు వెలిగితే చాలదు, మోటారు తిరగాలి



మాచ్‌ఖండ్ 120 మెగావాట్లు. ఎగువ సీలేరు 240, డొంకరాయి 25, దిగువ సీలేరు 460. మన కొండల్లో పారే నీళ్లతోనే ఇంత కరెంటు. జలాపుట్ రిజర్వాయరు కింద మన ఊళ్లు మునిగాయి. ఆ తీగలు మన నెత్తి మీదుగానే పోతున్నాయి. మన ఇంట్లో మాత్రం గట్టిగా గాలేస్తే రెండు మూడు రోజులు చీకటే.

"మీకు కరెంటు ఇచ్చేశాం కదా" అంటారు. ఇచ్చారు, కాదనం. కానీ లెక్క చూడండి. ఊళ్లో బడి, పంచాయతీ లాంటి చోట్లకు, నూటికి పది ఇళ్లకు లైను వస్తే ఆ ఊరికి కరెంటు వచ్చినట్టేనని 2004లో కేంద్రం రాసుకుంది. 2017లో సౌభాగ్య వచ్చాక ఇంటింటికీ కనెక్షను అన్నారు. రోజుకు ఎన్ని గంటలు నిలుస్తుందన్నది ఆ రెండు లెక్కల్లోనూ లేదు.

మన సంపాదన పోయేది అక్కడే. కాఫీ పండు కోసిన రోజే పల్పింగ్ చేయాలి. మర్నాటికి ఉంచితే పులుస్తుంది, రేటు పడిపోతుంది. చేత్తో తిప్పే మిషను మీద ఎన్ని బస్తాలు తిప్పగలం? మోటారు ఉన్నా ఆ సాయంత్రం కరెంటు లేకపోతే పండును పండుగానే షావుకారు చెప్పిన రేటుకి ఇచ్చేయాలి. కడిగి, ఆరబెట్టి అమ్మితే మనకు మిగలాల్సింది అతనికి మిగులుతుంది.

సామలు, చోళ్లూ అంతే. దంచడమంటే అమ్మల రెక్కల కష్టం. సంఘం అప్పుతో చిన్న మిల్లు పెట్టొచ్చు. లోవోల్టేజీకి మోటారు కాలితే వైండింగ్ ఖర్చు ఒకవైపు, వాయిదా ఒకవైపు. కరెంటు లేదని బ్యాంకు ఆగదు కదా. అందుకే ఎవరూ ధైర్యం చేయరు. దానికి "వాళ్లకి వ్యాపారం చేతకాదు" అని పేరు!

కరెంటు ఒక్కటే వస్తే డబ్బులు రాలతాయని నేను చెప్పను. రోడ్డు కావాలి, సరైన రేటు కావాలి. కానీ మిషను తిరగకుండా ఆ రేటు అడిగే సరుకే మన చేతిలో ఉండదు.

అడవి అడ్డమని స్తంభాలు ఆపితే అటవీ హక్కుల చట్టం 2006, సెక్షన్ 3(2) చదివి వినిపించండి. గ్రామసభ సిఫారసు చేస్తే కరెంటు లైనుకు హెక్టారు లోపు అటవీ భూమి ఇవ్వొచ్చు, హెక్టారుకు 75 చెట్లు మించకూడదు. ఇళ్లకు 24 గంటలూ సరఫరా ఇవ్వాలని 2020 వినియోగదారుల హక్కుల నిబంధనల్లో ఉంది.

మీ ఊళ్లో చదువుకునే చెల్లికి ఒక నోటుబుక్కు ఇవ్వండి. కరెంటు పోయిన టైము, వచ్చిన టైము, ఆ రోజు ఆగిన పని మూడు నెలలు రాయమనండి. ఆ పుస్తకం, గ్రామసభ తీర్మానం రెండూ పట్టుకుని ఏఈ ఆఫీసుకి పోదాం. త్రీఫేజ్ లైను అడుగుదాం.