ఆకాశ శ్రవణము
(మహారాష్ట్రలోని తెలుగువారి ఉగాది సభలో చేసిన ప్రసంగము)



ఈ ఉదయము మనమందరము పంచాంగ శ్రవణము చేసితిమి. సాయంకాలము నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు మమ్ము కోరినారు. మేమును ఆకాశమును వినుటను గూర్చియే చెప్పదలచితిమి. ఇది రాబోవు ఫలములు చెప్పు శ్రవణము కాదు. జరిగిపోయినదానికి సాక్ష్యము కూర్చు శ్రవణము.

మిక్కిలి బరువైన రెండు గోళములు ఒకదాని చుట్టు ఒకటి తిరిగి ఢీకొన్నచో, చెరువులో రాయి వేసినప్పటివలె అంతరిక్షమే అలలుగా కదలును. అవియే గురుత్వ తరంగములు. 2015 సెప్టెంబరు 14న అమెరికాలోని రెండు లైగో కేంద్రములు వీనిని మొదటిసారి పట్టినవి. అప్పుడు ఢీకొన్నవి రెండు కృష్ణబిలములు. వానినుండి వెలుగు రాదు గనుక వినుటయే గాని చూచుట లేకపోయినది.

2017 ఆగస్టు 17, మన గడియారములో సాయంకాలము 6 గంటల 11 నిమిషములకు మరియొక వార్త వచ్చినది. సూర్యునికంటె బరువుండియు ఒక పట్టణమంత చోట ఇమిడిన న్యూట్రాను నక్షత్రములు రెండు ఢీకొన్నవి. ఆ మ్రోత సుమారు 100 సెకండ్లు సాగినది. ముగిసిన 1.7 సెకండ్లకు ఫెర్మి ఉపగ్రహము గామా కిరణముల మెరుపును చూచినది.

కాని అది ఏ దిక్కున? లైగో కేంద్రముల మధ్య దూరము 3,000 కిలోమీటర్లు. అల రెండు చోట్లకు చేరిన క్షణములలోని తేడాయే దిక్కును తెలుపును. ఇటలీలోని మూడవ కేంద్రమైన విర్గోకు ఆనాడు దాదాపు ఏమియు వినబడలేదు. ప్రతి యంత్రమునకును సరిగా వినబడని దిక్కులు కొన్ని కలవు. కనుక ఆ మ్రోత విర్గోకు వినబడని దిక్కునుండియే వచ్చినదని తేలినది! శ్రీహరికోటనుండి 2015లో ఎగిరిన మన ఆస్ట్రోశాట్‌కు భూమి అడ్డు వచ్చినది. "మాకు కనబడలేదు" అన్న దాని మాటయు లెక్కకు వచ్చినది. 11 గంటలలోపుననే చిలీలోని దూరదర్శిని 13 కోట్ల కాంతి సంవత్సరముల దూరమున ఆ వెలుగును చూచినది. బంగారము వంటి బరువైన మూలకములు ఇట్టి తాకిడులలో పుట్టునని ఆ వెలుగువలన తెలిసినది. మన ఆడపడుచుల మెడలోని పుస్తెల కథ అంత పాతది.

వినబడలేదని నిజము చెప్పినవాడును సాక్షియే. దూరమున నిలిచినవాని సాక్ష్యమునకు విలువ మరింత. అందుకే మన మహారాష్ట్రలోని హింగోలి జిల్లాలో లైగో కేంద్రమును కట్టుటకు 2023 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గము ఆమోదించినది. మిగిలిన కేంద్రములకు ఇది దూరమున ఉండుటయే దీని గొప్ప.

మగ్గము వద్ద పుట్టినవారికి నక్షత్రములతో పనియేమని చిన్ననాడు మమ్ము అడిగినవారు కలరు. నాలుగేసి కిలోమీటర్ల గొట్టములను గాలి చొరకుండ అతుకువారు, అద్దములు, లేజరులు, కంప్యూటర్లు ఎరిగినవారు అక్కడ కావలెను. పొట్ట చేతపట్టుకొని వచ్చి, పోగు తెగినచోటు చేతితో తడిమి కనిపెట్టిన పెద్దల బిడ్డలు మన పిల్లలు. ఆ పని మనది కాదని వారితో అనవద్దని మా మనవి. సెలవు.