సిస్టర్ క్యాతీ హత్య: దగ్గరి ఊరి పెద్దలెవరు?



ఈ సాయంత్రం మనం ద్వితీయోపదేశకాండం 21వ అధ్యాయంలో మొదటి తొమ్మిది వచనాలను ధ్యానిద్దాం. మన ప్రసంగాల్లో అరుదుగా వినిపించే భాగం ఇది. పొలంలో ఒక శవం దొరికింది. చంపినవాడెవడో తెలియదు. అప్పుడేం చేయాలి? పెద్దలు, న్యాయాధిపతులు వచ్చి చుట్టుపక్కల ఊళ్లకు దూరం కొలవాలి. ఏ ఊరు దగ్గరైతే ఆ ఊరి పెద్దలు కాడి మోయని పెయ్యను ఏరు పారే లోయకు తోలుకెళ్లి, దాని మెడ విరగదీసి, దాని మీద చేతులు కడుక్కోవాలి. ఈ రక్తం మేం చిందించలేదు, ఇది మా కళ్లకు కనబడలేదు అని దేవుని ఎదుట చెప్పాలి. హంతకుడు దొరకలేదు గనుక ఊరుకుందామని ధర్మశాస్త్రం అనలేదు. దగ్గరున్నవాళ్లు జవాబు చెప్పాలన్నది.

ఇప్పుడు అమెరికాలో మేరీల్యాండ్ రాష్ట్రం, బాల్టిమోర్ నగరానికి వెళ్దాం. సిస్టర్ క్యాతీ సెస్నిక్ కథోలిక సన్యాసిని. ఆర్చ్‌బిషప్ కియో అనే ఆడపిల్లల హైస్కూల్లో ఇంగ్లీషు, నాటకం చెప్పిన టీచరు. వయసు 26. పిల్లలకు ఆమె అంటే ప్రాణం. 1969లో ఆమె కియో వదిలి ప్రభుత్వ పాఠశాలలో చేరింది. ఆ ఏడాది నవంబరు 7 సాయంత్రం బ్యాంకు పని చూసుకుని, చెల్లెలి నిశ్చితార్థానికి కానుక కొనాలని బయలుదేరింది. తిరిగి రాలేదు. తెల్లవారకముందే ఆమె కారు ఇంటి దగ్గరే అడ్డదిడ్డంగా నిలిపి కనబడింది. 1970 జనవరి 3న లాన్స్‌డౌన్‌లో చెత్త పారేసే చోటి దగ్గర వేటకు వెళ్లినవాళ్లకు ఆమె శవం దొరికింది. తల పగిలి ఉంది. హంతకుడెవరో నేటికీ తేలలేదు.

1990లలో ఇద్దరు పూర్వ విద్యార్థినులు నోరు విప్పారు. స్కూలు చాప్లిన్‌గా, కౌన్సెలర్‌గా ఉన్న ఫాదర్ జోసెఫ్ మాస్కెల్ తన గదిలో తమపై అత్యాచారం చేశాడని చెప్పారు. తమ బాధ సిస్టర్ క్యాతీకి తెలుసని, ఆయన తనను ఆమె శవం దగ్గరికి తీసుకెళ్లి బెదిరించాడని వారిలో ఒకామె చెప్పింది. ఆయన అన్నిటినీ కాదన్నాడు. ఆయన పోలీసులకు కూడా చాప్లిన్. ఆ పిల్లలు ఏ స్టేషన్ మెట్లెక్కగలరు?

1994లో ఆ ఇద్దరూ పేర్లు దాచుకుని కోర్టుకెళ్లారు. గడువు దాటిపోయిందని కోర్టు దావా కొట్టేసింది. మాస్కెల్ ఐర్లాండు వెళ్లిపోయాడు, 2001లో చనిపోయాడు. హత్య విషయంలో ఆయన మీద ఏ కేసూ నడవలేదు. 2017లో సమాధి తవ్వి డీఎన్ఏ పరీక్షించారు. దొరికిన ఆధారంతో అది సరిపోలలేదు. కాబట్టి ఆయనే చంపాడని మనం అనకూడదు. అబద్ధసాక్ష్యం పలకకూడదన్న ఆజ్ఞ ఇక్కడ కూడా మనకు వర్తిస్తుంది.

అయితే దూరం మాత్రం కొలవవచ్చు. 2023 ఏప్రిల్‌లో మేరీల్యాండ్ అటార్నీ జనరల్ నివేదిక వచ్చింది. సుమారు ఎనభై ఏళ్లలో బాల్టిమోర్ ఆర్చ్‌డయోసిస్‌లో 156 మంది 600 మందికి పైగా పిల్లలను పాడుచేశారని అందులో ఉంది. ఆ ఏడాదే గడువును ఎత్తివేస్తూ చట్టం వచ్చింది. అది అక్టోబరు 1న అమల్లోకి వస్తుందనగా రెండు రోజుల ముందు ఆర్చ్‌డయోసిస్ దివాలా పిటిషన్ వేసింది. ఆ పెద్దలు ఏరు దగ్గర నిలబడి మా కళ్లకు కనబడలేదని చెప్పగలరా?

ఇది కథోలికుల గొడవ, మనకెందుకు అనుకోవద్దు. మన మిషన్లకూ హాస్టళ్లున్నాయి, బోర్డింగులున్నాయి, సండేస్కూళ్లున్నాయి. పాస్టరు గదికి మన దగ్గరా తలుపుంది. సంఘం పరువు పోతుంది, దైవజనుని మీద మాట అనకూడదు, అమ్మాయి పెళ్లి చెడిపోతుంది అనే మూడు మాటలు మన ఇళ్లల్లోనూ వింటూనే ఉన్నాం. బాల్టిమోర్ పిల్లల నోళ్లను ఇన్నేళ్లు మూయించినవి ఇలాంటి మాటలే.

మన దేశంలో చట్టం స్పష్టంగా ఉంది. 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసిన ప్రతివాళ్లూ పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలు. తన కింద పనిచేసేవాడి నేరాన్ని సంస్థ అధిపతి దాస్తే ఏడాది వరకు. మంచి మనసుతో చెప్పినవాళ్లకు రక్షణ ఉంది. ఫిర్యాదుకు గడువు లేదు.

కర్ణాటకలో, తమిళనాడులో, ఒడిశాలో, మహారాష్ట్రలో తరాలుగా ఉన్న మనకు ఇంకో అడ్డంకి ఉంది. స్టేషన్లో రాసుకునే భాష కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీయో. బిడ్డకు అర్థంకాని భాషలో రాసుకుంటుంటే దుబాసీని ఏర్పాటు చేయాలని అదే 19వ సెక్షన్ చెబుతోంది. ఇది దయ కాదు, హక్కు. అడగండి. 1098కి ఫోన్ చేయండి.

యౌవనస్థులారా, మీకు మూడు పనులు చెబుతాం. మీ సంఘంలో పిల్లలతో పనిచేసే పెద్దలు ఒంటరిగా తలుపు మూసుకుని ఉండకూడదనే నియమం పెట్టించండి. ఎవరైనా బిడ్డ ఏదైనా చెబితే సంఘ కమిటీ ముందు నిలబెట్టి విచారించకండి. నమ్మి వినండి, చట్టానికి అప్పగించండి. ఆ బిడ్డ పేరు ప్రార్థన విన్నపంగా కూడా బయట పెట్టకండి.

సిస్టర్ క్యాతీ దగ్గర చదువుకున్న అమ్మాయిలు అరవై ఏళ్లు దాటాక కూడా పాత కాగితాలు తిరగేస్తూ, తలుపులు తడుతూ తమ టీచరు కోసం న్యాయం అడిగారు. హేబెలు రక్తం నేలలోనుంచి మొరపెట్టినప్పుడు దేవుడు కయీనును నీ తమ్ముడెక్కడ అని అడిగాడు. రేపు మన సంఘాన్ని నీ బిడ్డలెక్కడ అని అడిగితే, వాళ్లను చూపించి జవాబు చెప్పగలిగే కృప ప్రభువు మనకిచ్చునుగాక. ఆమేన్.