ఏం తిన్నారని అడిగే ప్రార్థన



మన గుడి ఉపదేశి మాస్టారి పేరుమీద ఈ ఏటి ఉపన్యాసం నన్ను చెప్పమన్నారు. ఆయన ఆదివారం విశ్వాసుల ప్రార్థనలు ఒక రూళ్ల నోటుబుక్కులో రాసుకొచ్చేవారు. అదిప్పుడు నా దగ్గరుంది. 2013 సెప్టెంబరు పేజీలో సిరియాలోని ‘అలెప్పో’ పేరు రెండుసార్లు కొట్టేసి ఉంది, మూడోసారి కుదిరింది. ఎవరికోసం మొక్కుతున్నామో వాళ్ల ఊరి పేరైనా తప్పు పలకగూడదని ఆయన పట్టుదల. ఆ నెల 7న సిరియా కోసం ఉపవాసముండి ప్రార్థించమని పోపు ఫ్రాన్సిస్ అడిగారు.

యుద్ధానికీ మన ప్రార్థనకూ చుట్టరికం పాతదే. సికింద్రాబాద్ సెయింట్ మేరీస్ గుడి 1850లో పూర్తయింది. బ్రిటిష్ పటాలాల్లోని ఐరిష్ సైనికుల కోసం కట్టారు. అక్కడ మోకరించినవాళ్లు తుపాకులు పట్టినవాళ్లే. ఇంకా వెనక్కి పోతే, అక్టోబరు 7న మనం చేసుకునే జపమాల మాత పండుగ 1571లో లెపాంటో నౌకాయుద్ధం గెలిచినందుకు పుట్టింది. మొదట్లో దాని పేరే విజయమాత పండుగ. ఇది దాచిపెట్టి శాంతి గురించి మాట్లాడటం నాకు సబబుగా తోచదు. గెలిచినవాళ్ల చేతిలోని జపమాల ఇల్లు కూలినవాళ్ల చేతికి ఎట్లా వచ్చిందన్నదే ఈ సాయంత్రం సంగతి.

మొదటి ప్రపంచ యుద్ధంలో రెండు వైపులా కతోలికులే. అటూ మంగళవార్త జపమే, ఇటూ అదే. దేవమాత ఎవరి మొర ఆలకించాలి? పదిహేనవ బెనెడిక్టు పోపు ఏ పక్షమూ పట్టలేదు, రెండు పక్షాలూ ఆయన్ని అనుమానించాయి. 1917 మేలో దేవమాత ప్రార్థనమాలికలో ‘సమాధానపు రాణి’ అన్న పిలుపును శాశ్వతంగా చేర్చారు. మన పూజలో శాంతిని సమాధానమనే అంటాం. బజారులో జవాబుకూ అదే మాట. కొత్తవాళ్లు తికమకపడతారు గానీ, నాకు ఆ తికమక ఇష్టం.

మనం మొక్కడంతోనే ఆగం, గుడ్ ఫ్రైడే కానుక పవిత్ర భూమికి పోతుందని మీకు తెలుసు. ఆ పాత ఆనవాయితీని 1974లో ఆరవ పౌలు పోపు మళ్లీ గట్టిచేశారు. పాశమైలారంలో రోజుకూలీ చేసే మనిషి పళ్లెంలో వేసిన పది రూపాయలూ అందులో కలుస్తాయి.

ఇక గాజా. 2023 అక్టోబరులో యుద్ధం మొదలైనప్పటినుంచి అక్కడి పవిత్ర కుటుంబం గుడికి ఫ్రాన్సిస్ దాదాపు రోజూ సాయంత్రం ఫోన్ చేసేవారు. గుడి ఆవరణలో అయిదారు వందల మంది తలదాచుకున్నారు. ఆయన అడిగేవి పెద్ద వేదాంతమేం కాదు. ఎట్లా ఉన్నారు, ఏం తిన్నారు? మన ఇళ్లల్లో అమ్మలు అడిగేదే. ఆస్పత్రి మంచం మీదనుంచీ అడిగారు. చివరి ఫోన్ 2025 ఏప్రిల్ 19, ఈస్టరు ముందటి శనివారం. సోమవారానికి ఆయన లేరు. జూలై 17న ఆ గుడి మీదే ఇజ్రాయెల్ ఫిరంగి గుండు పడి ముగ్గురు పోయారు, విచారణ గురువు కాలికి గాయమైంది. ఆ ఆగస్టు 22న కొత్త పోపు పదునాలుగవ లియో మళ్లీ ఉపవాసముండమన్నారు.

ఇక్కడిదాకా వచ్చి మన జిల్లా మాట ఎత్తకపోతే తప్పు. ఎద్దుమైలారంలో సైన్యానికి సాయుధ వాహనాలు తయారవుతాయి, భానూరులో క్షిపణులు. దేశానికి అవి అవసరమే, వాటితో ఎన్నో పొయ్యిలు వెలుగుతున్నాయి. ఒకసారి పూజయ్యాక, అలాంటి పని చేసే మనిషొకాయన మాస్టారిని చెప్పులస్టాండు దగ్గర ఆపాడు. “సార్, నేను చేసే పనికి నా ప్రార్థన చెల్లుతదా?” అన్నాడు.

మాస్టారు చాలాసేపు చెప్పులు వెతుక్కున్నారు. పై ఆదివారం నోటుబుక్కు ఆయన చేతికిచ్చి, “ఈ పేర్లు నువ్వు చదువు నాయనా, నెమ్మదిగా” అన్నారు. ఆ పేజీలో ఆ చేతివేళ్ల గ్రీజు మరక ఇంకా ఉంది.