వసూలయింది సరే, వ్యాపారం ఏమైంది?

సాహిత్యం చదివినవాళ్లూ సమాజశాస్త్రాలు చదివినవాళ్లూ ఒకే పందిట్లో కూర్చున్న సదస్సులో అధ్యక్షుడికి ఒక చిక్కు ఉంటుంది. లెక్కలు చెబితే సగం సభ ఆవలిస్తుంది, కథ చెబితే మిగతా సగం రుజువు అడుగుతుంది. అదృష్టవశాత్తూ ఇవాళ్టి విషయం, చిన్న అప్పులతో పేదలు వ్యాపారం పెట్టుకోవడం, తెలుగునాట ఒక పాఠంతోనే ఊపందుకుంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా రాత్రిబడుల్లో అక్షరదీపం కింద ఆడవాళ్లు చదివిన వాచకంలో ‘సీతమ్మ కథ’ ఉండేది, సారా ఒక కాపురాన్ని ఏం చేస్తుందో చెప్పే పాఠం. దూబగుంట స్త్రీలు దాన్ని చదివి ఊరుకోలేదు, సారా దుకాణం మూయించారు. వాళ్లలో ముందు నిలిచిన రోశమ్మ పేరు ఊరి పేరుతో కలిసి రాష్ట్రమంతా మోగింది. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది.

ఆ ఉద్యమం చరిత్రకెక్కింది. దాని వెనకే వచ్చిన ఇంకో కదలికకు అంత పేరు రాలేదు. సారాకు పోయే డబ్బు ఇంట్లో మిగలడం మొదలయ్యాక, అదే జిల్లాలో ఆడవాళ్లు రోజుకో రూపాయి చొప్పున దాచుకున్నారు. ‘పొదుపు లక్ష్మి’ అన్నారు దాన్ని. 1982లో కేంద్రం తెచ్చిన డ్వాక్రా పథకం అప్పటికే కాగితాల మీద ఉంది. పొదుపు సంఘాలను బ్యాంకులతో కలిపే ప్రయోగాన్ని 1992లో ఐదువందల సంఘాలతో నాబార్డు మొదలుపెట్టింది. ఆ రెంటికీ ప్రాణం పోసింది మాత్రం నెల్లూరు రూపాయే.

ఆ సంఘాల పద్ధతి తెలియనివాళ్లు ఈ సభలో తక్కువే ఉంటారు. పది పదిహేనుమంది కూడతారు, పొదుపు కడతారు, తీర్మానం రాసి సంతకాలు పెడతారు. ఒకరికి గేదె కొనడానికి, ఒకరికి ఆస్పత్రికి, ఒకరికి పిల్ల ఫీజుకు డబ్బు ఇస్తారు. పల్లెలో వడ్డీని ఏడాదికి ఇంత శాతమని లెక్కవెయ్యరు, నెలకు నూటికి ఇన్ని రూపాయలంటారు. చాలా సంఘాల్లో అది రెండు రూపాయలు, అంటే ఏడాదికి 24 శాతం. ఎక్కువే. కాని ఆ వడ్డీ సంఘం పెట్టెలోకే పోతుంది, ఏడాది తిరిగేసరికి అందరిదీ అవుతుంది. 2004 తరువాత ప్రభుత్వం పావలా వడ్డీ అన్నది, అంటే 3 శాతం. ఆ పైన సున్నా వడ్డీ. ఆ తరువాత రుణమాఫీ ఎన్నికల వాగ్దానమైంది. వడ్డీ దిగుతున్నకొద్దీ ప్రసంగాలు పెరిగాయి. ఆ డబ్బుతో మొదలైన వ్యాపారం మూడేళ్ల తరువాత ఉందా లేదా అన్న ప్రశ్న మాత్రం ఏ వేదిక మీదా పెద్దగా వినపడలేదు. ఈ అధ్యక్షుడి ఫిర్యాదంతా ఇదే. మిగతాదంతా దానికి సాక్ష్యం.

1976లో బంగ్లాదేశ్‌లోని జోబ్రాలో మహమ్మద్ యూనస్ 42 మందికి 27 డాలర్ల అప్పు సొంత జేబులోంచి ఇవ్వడం సూక్ష్మరుణాల పురాణంలో మొదటి అధ్యాయం. తెలుగునాట ఆ పురాణం మెదక్ జిల్లా నారాయణఖేడ్ ప్రాంతంలో కొత్త రూపం ఎత్తింది. 1990ల చివర విక్రమ్ ఆకుల అక్కడ మొదలుపెట్టిన స్వయం కృషి సంగం తొలుత స్వచ్ఛంద సంస్థ, తరువాత ఎస్‌కెఎస్ మైక్రోఫైనాన్స్ అనే కంపెనీ. హైదరాబాదులో షేర్, గుంటూరులో స్పందన కూడా అదే బాట పట్టాయి. పద్ధతి తేలిక. ఆడవాళ్ల గుంపు, పదివేల అప్పు, యాభై వారాల వాయిదాలు, వారం వారం మీటింగు. ఒకరు కట్టకపోతే మిగతావాళ్లు కట్టాలి. తాకట్టు లేదు, బ్యాంకు మేనేజరు ముందు నిలబడే పని లేదు. ఊళ్లో షావుకారు మూడు నుంచి ఐదు రూపాయల వడ్డీకి ఇస్తుంటే వీళ్లు ఇంటికొచ్చి రెండు రూపాయలకే ఇచ్చారు. దాన్ని తక్కువ చేసి మాట్లాడకూడదు.

కాని ఆ కంపెనీల గొప్ప ఎప్పుడూ వసూలు శాతమే. 98, 99 అని చాటుకునేవి. మదుపుదార్లు ఆ అంకె చూసే డబ్బు పెట్టారు. 2006లో కృష్ణా జిల్లాలో వసూళ్ల తీరు మీద ఫిర్యాదులు రావడంతో అధికారులు కొన్ని కంపెనీల శాఖలకు తాళాలు వేశారు. అది మొదటి హెచ్చరిక. ఎవరూ వినలేదు. 2010 ఆగస్టులో ఎస్‌కెఎస్ ఒక్కో షేరు 985 రూపాయలకు మార్కెట్లో పెట్టి 1,600 కోట్లకు పైగా సమీకరించింది. రెండు నెలలు తిరక్కముందే, ఒకే ఇంట్లో నాలుగైదు కంపెనీల అప్పులు, ఒక వాయిదా కట్టడానికి ఇంకో అప్పు, గుమ్మం ముందు గొడవలు, ఆత్మహత్యల వార్తలు వరసగా వచ్చాయి. అక్టోబరు మధ్యలో రాష్ట్ర ప్రభుత్వ ఆర్డినెన్సు వచ్చింది, తరువాత చట్టమైంది. కంపెనీ జిల్లాలో రిజిస్టరు కావాలి, వారపు వాయిదాలు ఆగిపోవాలి, వడ్డీ అసలును మించకూడదు, వసూలు పంచాయతీ ఆఫీసులాంటి నలుగురూ తిరిగే చోటనే జరగాలి. రాష్ట్రంలో వసూళ్లు దాదాపు నిలిచిపోయాయి.

ఇక్కడ ఈ కంపెనీలను మెచ్చేవాళ్లూ తిట్టేవాళ్లూ ఇద్దరూ ఒప్పుకోని సంగతి ఒకటుంది. ఆంధ్రప్రదేశ్‌లో మునిగిన కంపెనీలు నష్టం పూడ్చుకోవడానికి వేరే రాష్ట్రాల్లో అప్పులు తగ్గించాయి. ఎమిలీ బ్రెజా, సింథియా కిన్నన్ అనే ఆర్థికవేత్తలు ఆ జిల్లాల లెక్కలు తీస్తే, అప్పు ఎండిపోయిన చోట రోజు కూలీ కూడా పడిపోయిందని తేలింది. అప్పుతో పెద్ద వ్యాపారాలు రాకపోవచ్చు, కాని అది లేకపోతే కూలివాడికీ దెబ్బ తగులుతుంది. విజయవాడలో 2015లో బయటపడ్డ అధిక వడ్డీల కాల్‌మనీ దందా గుర్తున్నవాళ్లకు, కంపెనీ పోయిన చోటికి ధర్మసంస్థ రాదన్న సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఈలోగా 2011లో సూక్ష్మరుణాల మీద వేసిన మాలెగాం కమిటీ నివేదిక వచ్చింది, రిజర్వు బ్యాంకు ఈ కంపెనీలకు ప్రత్యేక తరగతి కల్పించింది. 2022 నుంచి ఒక కుటుంబం కట్టాల్సిన వాయిదాలన్నీ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదన్న నియమం ఉంది. రిజర్వు బ్యాంకు కింద ఉన్న కంపెనీలకు పాత రాష్ట్ర చట్టం వర్తించదని 2023లో తెలంగాణ హైకోర్టు తేల్చింది. అంటే బండి మళ్లీ రోడ్డెక్కింది.

మరి అప్పు వ్యాపారమవుతుందా? దీనికి జవాబు హైదరాబాదు బస్తీల్లోనే ఉంది. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, రేచల్ గ్లెనర్‌స్టర్, సింథియా కిన్నన్ కలిసి నగరంలో 104 బస్తీలు ఎంచుకున్నారు. చీటీ వేసినట్టు 52 బస్తీల్లో స్పందన శాఖలు ముందు తెరిపించి, మిగతా వాటిలో ఆపించారు. 2015లో అచ్చయిన ఫలితాలు ఇరుపక్షాలకూ రుచించలేదు. అప్పు గుమ్మం దగ్గరికి వచ్చినా నూటికి ముప్పై కుటుంబాలు కూడా తీసుకోలేదు. తీసుకున్నవాళ్లు ఇంటికి పనికొచ్చే వస్తువులు కొన్నారు, పొగాకు, బయటి టీ వంటి చిల్లర ఖర్చులు తగ్గించుకున్నారు. చదువులో, ఆరోగ్యంలో, ఇంట్లో ఆడదాని మాట చెల్లడంలో చెప్పుకోదగ్గ మార్పు కనపడలేదు. లాభం పెరిగింది అప్పటికే బాగా నడుస్తున్న కొద్ది దుకాణాలకే.

అక్కడితో ఆగితే సూక్ష్మరుణం పనికిరాదని తీర్పు చెప్పి ఇంటికెళ్లొచ్చు. కాని అదే బస్తీలకు వాళ్లు కొన్నేళ్లకు మళ్లీ వెళ్లారు. అప్పటికి 2010 సంక్షోభం వల్ల అప్పులు ఆగిపోయాయి. కంపెనీలు రాకముందే సొంత వ్యాపారం పెట్టుకున్న కుటుంబాలకు, ఆ కొద్దికాలపు అప్పు అందిన చోట, దుకాణం పెద్దదయింది. ఆస్తి, రాబడి రెండూ అప్పు అందని బస్తీల వాళ్ల కంటే బాగా ఎక్కువ. ఇప్పుడు పెట్టాలా వద్దా అని తటపటాయించి అప్పు వచ్చాకే దుకాణం తెరిచినవాళ్లకు అంత ఒరగలేదు. ఒకే పదివేలు ఇద్దరి చేతుల్లో రెండు రకాలుగా పండింది. అందరినీ వ్యాపారులను చేస్తామన్న నినాదం ఇక్కడే కూలుతుంది. చాలామందికి కావలసింది నెలనెలా వచ్చే జీతం. దుకాణం వాళ్లకు గత్యంతరం లేక పెట్టుకున్నది.

కలకత్తాలో జరిగిన ఇంకో ప్రయోగం ఇంకా ఇబ్బంది పెడుతుంది. ఎరికా ఫీల్డ్, రోహిణి పాండే బృందం అక్కడి ఒక రుణసంస్థతో కలిసి కొందరికి మామూలుగా రెండు వారాలకే వాయిదాలు మొదలుపెట్టించింది, కొందరికి రెండు నెలల గడువు ఇచ్చింది. మార్పు అంతే. సరుకు కొనాలన్నా, కుట్టుమిషను కొనాలన్నా, బేరం కుదరాలన్నా వ్యవధి కావాలి కదా. గడువు దొరికినవాళ్లు వ్యాపారంలో ఎక్కువ పెట్టుబడి పెట్టారు. మూడేళ్ల తరువాత వాళ్ల వారపు లాభం మిగతావాళ్ల కంటే 41 శాతం ఎక్కువ. అయితే అప్పు ఎగ్గొట్టినవాళ్లూ వాళ్లలోనే ఎక్కువ. వ్యాపారమన్నాక కొందరు గెలుస్తారు, కొందరు మునుగుతారు. వచ్చే వారం నుంచే కట్టాలన్న రుణం గేదె ఈనేదాకా ఆగదు. అందుకే జనం ఆ డబ్బును వెంటనే తిరిగొచ్చే చోట పెడతారు, లేదా అసలు పెట్టరు. అలాంటి అప్పులో వసూలు 99 శాతం రావడం వింతేమీ కాదు. ఆ 99 పోకుండా వ్యాపారం పెరగాలని కోరడం మాత్రం వింత.

ఇక శిక్షణ. చాలామందికి ఇది మూడురోజుల మీటింగు, ఒక బ్యాగు, ఒక ఫైలు, మధ్యాహ్నం భోజనం, చివర ఫొటో. దానికంటే మెరుగైన నమూనా 1982లో కర్ణాటకలోని ఉజిరెలో వచ్చింది. ధర్మస్థలం ధర్మాధికారి వీరేంద్ర హెగ్గడే, సిండికేట్, కెనరా బ్యాంకులు కలిసి మొదలుపెట్టిన రుడ్‌సెట్. భోజనం, వసతితో ఉచితంగా నేర్పి, తరువాత బ్యాంకు అప్పు దొరికేదాకా వెంట ఉండటం దాని పద్ధతి. ఇవాళ జిల్లాకొకటిగా ఉన్న గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు దాన్ని చూసి పుట్టినవే.

ఏం నేర్పాలన్నది వేరే సంగతి. డొమినికన్ రిపబ్లిక్‌లో చిన్న వ్యాపారులకు ఒక బడిలో పద్దుల శాస్త్రం మొత్తం చెప్పారు, ఇంకో బడిలో రెండు మూడు సూటి నియమాలు చెప్పారు: ఇంటి డబ్బు ఒక సొరుగులో, వ్యాపారం డబ్బు ఇంకో సొరుగులో వంటివి. రెండో బడి వాళ్ల లెక్కలే బాగుపడ్డాయి. టోగోలో 2017లో వెలువడిన అధ్యయనం ఇంకో అడుగు వేసింది. పద్దులు రాయడం నేర్చినవాళ్ల కంటే, చొరవ తీసుకోవడం, కొత్త సరుకు వెతకడం, ఎదురుదెబ్బకు ముందే సిద్ధంగా ఉండటం సాధన చేసినవాళ్ల లాభాలు బాగా పెరిగాయి, సుమారు 30 శాతం.

అహ్మదాబాద్ ఉదాహరణ మనకు మరీ దగ్గరిది. ఇలా భట్ నడిపిన సేవా సంస్థకు 1974 నుంచి సొంత బ్యాంకు ఉంది. అక్కడ స్త్రీలకు రెండురోజుల తరగతి పెట్టి, కొందరిని ఒంటరిగా, కొందరిని స్నేహితురాలితో కలిసి రమ్మన్నారు. జంటగా వచ్చినవాళ్లే తరువాత వ్యాపారానికి అప్పు తీసుకున్నారు, ఇంటి ఆదాయమూ వాళ్లదే పెరిగింది. ఆడవాళ్ల మీద కట్టుబాట్లు ఎక్కువున్న కులాల్లో, సమాజాల్లో ఆ తేడా ఇంకా స్పష్టం. పక్కన ఒక మనిషి ఉంటే వచ్చే ధైర్యాన్ని ఏ పాఠ్యప్రణాళికలోనూ రాయరు. నెల్లూరు రాత్రిబడికి ఆ సంగతి ఎవరూ చెప్పకుండానే తెలుసు.

అప్పు, శిక్షణ రెండూ ఉన్నా కొనేవాడు లేకపోతే ఏం లాభం? దళితుడు పెట్టిన టిఫిన్ బండి దగ్గర ఊళ్లో ఎవరెవరు తింటారన్న ప్రశ్న బ్యాంకు దరఖాస్తులో ఉండదు. 2012లో కేంద్రం ప్రభుత్వ సంస్థల కొనుగోళ్లలో 4 శాతం ఎస్సీ, ఎస్టీల చిన్న పరిశ్రమల నుంచి కొనాలని ఉత్తర్వు ఇచ్చింది. ఏళ్ల తరబడి ఆ 4 శాతం అందలేదు. తెలంగాణ 2021 ఆగస్టు 16న హుజూరాబాద్ నియోజకవర్గంలోని శాలపల్లిలో మొదలుపెట్టిన దళితబంధు మాత్రం రుణం మాటే ఎత్తకుండా కుటుంబానికి 10 లక్షలు ఇచ్చింది. తిరిగి కట్టక్కర్లేదు. ఆ పథకం మీద ఎన్ని విమర్శలున్నా, పెట్టుబడి మొత్తం ఈ స్థాయిలో ఉండాలని ఒప్పుకున్న ధైర్యం దానిది. కేంద్రం ముద్ర పథకంలో శిశు రుణం 50,000 దగ్గర ఆగుతుందని గుర్తుంచుకుంటే తేడా తెలుస్తుంది. కాని చాలామంది కార్లు, ట్రాక్టర్ల వైపే మొగ్గారు. ఒకే మండలంలో అన్ని బళ్లు దిగితే కిరాయి ఎక్కడిది? డబ్బు వచ్చింది, మార్కెట్ లెక్క రాలేదు.

దీనికి ఎదురుగా తెలంగాణలోని ముల్కనూరును పెట్టాలి. అక్కడ స్త్రీలు ఊరూరా పొదుపు సహకార సంఘాలు పెట్టుకుని, ఏళ్ల తరబడి తమ డబ్బును తామే లెక్క చూసుకుని, సహవికాస సంస్థ చేయూతతో 2002లో సొంత పాల డెయిరీ తెరిచారు. స్వకృషి పాలు అవే. 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం వాళ్లకు అధికారుల పెత్తనం లేని ఇల్లు కట్టి ఇచ్చింది. అప్పు తీసుకుని గేదె కొన్న మనిషికి పాలు పోసే కేంద్రం, కొలిచే మనిషి, డబ్బిచ్చే రోజు, సంవత్సరం చివర బోనసు అన్నీ తమవే. ఆ గేదె అప్పు తీరడానికి గుమ్మం ముందు ఎవరూ కూర్చోనక్కర్లేదు.

ఈ సదస్సుకు ఒక పని అప్పజెప్పి అధ్యక్షుడు కూర్చుంటాడు. రెండు తెలుగు రాష్ట్రాల్లో పొదుపు సంఘాల మండల సమాఖ్య ఆఫీసుల బీరువాల్లో 1990ల నుంచి ఆడవాళ్లు సొంత చేతిరాతతో రాసిన తీర్మానాల పుస్తకాలు ఉన్నాయి. ఎవరికి ఎంత అప్పు, ఏ పనికని, ఎవరు ఒప్పుకున్నారు, ఎవరు కట్టలేదు అన్నీ వాటిలో ఉంటాయి. గేదెకని రాసి పెళ్లికి వాడినవీ, పెళ్లికని రాసి చీరల మూటకు పెట్టినవీ ఉంటాయి. చరిత్రకారులకు అది దస్త్రం, అర్థశాస్త్రవేత్తలకు సమాచారం, సాహిత్యకారులకు ఇప్పటిదాకా ఎవరూ ముట్టని తెలుగు వచనం. ఏదైనా ఒక్క మండలం ఎంచుకుని, 2000 నాటి అప్పు పద్దులు తీసి, ఆ పేర్ల వెంట వెళ్లి, ఆ వ్యాపారం ఇప్పుడు ఏమైందో అడిగి రాసే బృందం ఈ సదస్సు ముగిసేలోగా కావాలి. మండలం పేరూ, మనుషుల పేర్లూ మధ్యాహ్నం భోజనం లోపల కార్యదర్శికి ఇవ్వండి. సమాఖ్యల అనుమతి ఉత్తరాలు ఆయన రాస్తారు.