పరువు చాటున పెరిగిన జబ్బు

ఇవాళ పట్టాలు అందుకుంటున్న డాక్టర్లు, నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు మీరు.

మీలాంటి ఒక విద్యార్థిని గురించి చెబుతాను. 1986లో మద్రాసు మెడికల్ కాలేజీలో మైక్రోబయాలజీ పీజీ చేస్తున్న సెల్లప్పన్ నిర్మలకు, ప్రొఫెసర్ సునీతి సోలొమన్ హెచ్‌ఐవీని థీసిస్ అంశంగా ఇచ్చారు. అది విచ్చలవిడిగా బతికే పరదేశాల రోగమనీ, కట్టుబాట్లున్న మన గడప తొక్కదనీ పత్రికలూ పెద్దలూ ధీమాగా ఉన్న రోజులవి. నిర్మల రిమాండ్ హోమ్‌కు వెళ్లి అక్కడున్న సెక్స్ వర్కర్ల రక్తం సేకరించారు. మద్రాసులో పరీక్షించే వసతి లేదు. నమూనాలను ఇంటి ఫ్రిజ్‌లో దాచి, రాత్రి రైల్లో వేలూరు సీఎంసీకి పట్టుకెళ్లారు. కొన్ని పాజిటివ్ వచ్చాయి. వైరస్ మన దేశంలోనూ ఉందని అలా తెలిసింది. ఆ రక్తం ఏ పరీక్షకో ఆ స్త్రీలకు మాత్రం తెలియదు. అదీ మనం గుర్తుంచుకోవాలి. 2017 నాటి చట్టం ప్రకారం ఇప్పుడు సమ్మతి లేకుండా ఈ పరీక్ష చేయకూడదు.

పరువును పక్కనపెట్టి ఈ వైరస్‌ను ఎదుర్కొన్న దేశం ఉంది. థాయిలాండ్‌లో వ్యభిచారం నేరమే. అయినా 1989లో రాచ్‌బురిలో వివత్ రోజనపిథయకోర్న్ అనే వైద్యాధికారి నీతిబోధ మొదలుపెట్టలేదు. పోలీసులనూ వ్యభిచార గృహాల యజమానులనూ ఒప్పించి, ఒకే కట్టడి తెచ్చారు. కండోమ్ లేకపోతే ఏ ఇంట్లోనూ బేరం కుదరదు. ఇక్కడ కాదంటే పక్కింటికి పోతానని బెదిరించే విటుడికి దారి లేకుండా చేశారు. అప్పటిదాకా ఆ భారమంతా అడగడానికి నోరులేని ఆడపిల్ల మీదే ఉండేది. 1991 నుంచి ఆ పద్ధతి దేశమంతా వచ్చింది. మీచాయ్ వీరవైద్య మంత్రిగా ఉండి మరీ కండోమ్ గురించి ఊరూరా మాట్లాడారు. కొత్త కేసులు బాగా తగ్గాయి. తల్లి నుంచి బిడ్డకు సోకడాన్ని అదుపు చేసిన దేశంగా 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు కూడా ఆసియాలో మొదట థాయిలాండ్‌కే దక్కింది.

నోరు విప్పినవాళ్లను కొట్టి చంపిన చోటు కూడా ఉంది. 1998 డిసెంబరులో దక్షిణాఫ్రికాలోని డర్బన్ దగ్గర, తనకు హెచ్‌ఐవీ ఉందని బహిరంగంగా చెప్పిన గుగు ద్లామినిని కొద్ది రోజులకే గుంపు చావగొట్టింది. వాడకు పరువు తక్కువ తెచ్చిందట! అదే దేశంలో 2005లో నెల్సన్ మండేలా విలేకరులను పిలిచి, తన కొడుకు మక్గాథో ఎయిడ్స్‌తోనే చనిపోయాడని చెప్పారు. అంతటి ఇంట్లోనూ జరిగిందని జనానికి తెలియాలనే ఆ తండ్రి మాట్లాడారు. ఉగాండాలో 2023 చట్టం స్వలింగ సంబంధాలకు యావజ్జీవ శిక్ష వేస్తుంది. జైలుకు పంపిస్తారేమోనని భయపడేవాడు క్లినిక్‌కు ఎందుకొస్తాడు? మన సుప్రీంకోర్టు 2018లో ఆ భయాన్ని చట్టం నుంచి తీసేసింది. ఇళ్లలోంచి ఇంకా పోలేదు.

ఇప్పుడు చేతిలో ఉన్న మందులు నా తరం కలలో కూడా ఊహించనివి. దక్షిణాఫ్రికా, ఉగాండాల్లో జరిగిన ఔషధ పరీక్షలో, ఆరు నెలలకోసారి లెనాకపవిర్ ఇంజెక్షన్ తీసుకున్న 2,134 మంది అమ్మాయిల్లో, యువతుల్లో ఒక్కరికీ హెచ్‌ఐవీ సోకలేదు. 2024లో ఆ ఫలితం విని నాకు కళ్లు చెమర్చాయి. దాన్ని పేద దేశాల కోసం చవగ్గా తయారు చేసే అనుమతి పొందిన కంపెనీల్లో మన హైదరాబాదుకు చెందిన డాక్టర్ రెడ్డీస్, హెటెరో కూడా ఉన్నాయి. కానీ మందు ఎంత గొప్పదైనా అమ్మాయి కౌంటర్ దగ్గరికొచ్చి అడగాలి కదా. పెళ్లి కాకుండా నీకెందుకమ్మా అని నర్సు ఒక్క మాటంటే ఆ పిల్ల మళ్లీ రాదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకప్పుడు కేసులు బాగా ఎక్కువున్న రాష్ట్రాల్లో ఒకటి. ఇక్కడ హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్లో ఒక ఉదయం కూర్చుని చూడండి. సొంత ఊళ్లో సెంటరున్నా పక్క జిల్లాకు బస్సెక్కి వచ్చేవాళ్లు కనిపిస్తారు. ముఖానికి చున్నీ కప్పుకుని, మందు డబ్బా మీది కాగితం గోటితో గీకి, పేరు పూర్తిగా పోయిందని చూసుకున్నాకే సంచిలో వేసుకుంటారు. వాళ్లు దాక్కునేది జబ్బుకు జడిసి కాదు, మన చూపుకు జడిసి. తెల్లకోటు వేసుకున్నవాళ్ల చూపు కూడా అందులో ఉంది. నాకు బాధ కలిగించేది అదే.

రేపు మీ ఓపీకి పంతొమ్మిదేళ్ల అమ్మాయి వచ్చి పరీక్ష చేయించుకుంటానంటుంది. పెళ్లయిందా అని అడగకండి. తలుపు దగ్గరగా వేసి కూర్చోమనండి. ఏం పరీక్షో, ఎందుకో ఆమెకర్థమయ్యే మాటల్లో చెప్పి, సరేనన్నాకే రక్తం తీయండి. పాజిటివ్ వస్తే, మందు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుందనీ, మానకుండా వేసుకుంటే నిండు నూరేళ్లూ బతకొచ్చనీ, వైరల్ లోడ్ పరీక్షకు అందనంతగా తగ్గి అలాగే ఉంటే కలయిక వల్ల అవతలి మనిషికి సోకదనీ ఆ పూటే చెప్పండి. నెగెటివ్ వస్తే కండోమ్ ఎలా వాడాలో, మళ్లీ ఎప్పుడు రావాలో చెప్పి, తోడుగా అబ్బాయి ఎవరైనా వచ్చి ఉంటే అతన్ని కూడా లోపలికి పిలవండి.